కాటా చీటీ నుంచి క్లాసు దాకా: వెబ్ ఫారం జావా ఆబ్జెక్టుగా మారే తీరు

జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. బండి కాటా ఎక్కగానే గుమాస్తా ఒక చీటీ రాస్తాడు. రైతు పేరు, ఊరు, బండి నంబరు, తేదీ, కాయ రకం, బరువు అందులో ఉంటాయి. అడ్వాన్సు ఇదివరకే ముట్టి ఉంటే మూలన ఒక టిక్కు పడుతుంది. కాగితం మీద ఉన్నంతకాలం ఆ చీటీకి అర్థం చెప్పేది చదివే మనిషే. బరువు గడిలో ‘10 ట’ అని ఉన్నా, తేదీ గడిలో ‘5/6’ అని మాత్రమే ఉన్నా అకౌంటెంటు తడుముకోడు. అదే చీటీని వెబ్ ఫారంగా మార్చి వెనక ఒక జావా ప్రోగ్రామును పెట్టినప్పుడు, ఇన్నాళ్లూ అకౌంటెంటు బుర్రలో జరిగిన పని ఇక ప్రోగ్రాములోనే ఎక్కడో ఒకచోట జరగాలి. జావా ఫ్రేమ్‌వర్కులు (ప్రోగ్రాములకు సిద్ధంగా దొరికే చట్రాలు) ఆ పనికి పెట్టిన పేరు బైండింగ్.

తిరుపతిలో ఉంటూ అలాంటి ఫ్యాక్టరీ ఒకదానికి ఈ ఫారం రాసిన చిన్న బృందంలో నేనూ ఒకణ్ణి. ఇంజనీరింగ్ కాలేజీల నుంచి కొత్తగా వచ్చే పిల్లలకు బైండింగ్ అంటే ‘ఒక అనొటేషన్ (కోడులో @ గుర్తుతో పెట్టే సూచన) పెడితే ఆబ్జెక్టు నిండిపోతుంది’ అన్నంత వరకే తెలిసి ఉంటుంది. నిండుతుంది, నిజమే. కానీ ఆ ఒక్క మాట వెనక నాలుగు వేరువేరు పనులు జరుగుతున్నాయి: పేర్లను కలపడం, అక్షరాలను సరైన రకపు విలువలుగా మార్చడం, ఆ విలువలను ఆబ్జెక్టులో రాయడం, రాసినదాన్ని తనిఖీ చేయడం. వీటిని ఒకే ముద్దగా చూసినంతకాలం తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం కష్టం.

బ్రౌజరు పంపేది ఏమిటి

ముందు ఒక మాట. ఈ వ్యాసంలో క్లాసుల పేర్లు, ఫీల్డుల పేర్లు తెలుగులోనే రాస్తాను. ఇది చదువరి సౌకర్యం కోసం చేస్తున్న కల్పన కాదు. జావా భాష యూనికోడ్ అక్షరాలతో పేర్లు పెట్టుకోనిస్తుంది కనుక ‘కాటాచీటీ’ అనే క్లాసు (ఆబ్జెక్టుకు అచ్చు), అందులో ‘బరువు’ అనే ఫీల్డు (విలువ ఉండే చోటు) నిజంగానే కంపైల్ అవుతాయి. ఉద్యోగంలో అలా రాయమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వను.

గుమాస్తా ‘సేవ్’ నొక్కగానే బ్రౌజరు పంపేది పేరు–విలువ జంటల వరుస మాత్రమే. ‘బరువు=10.250’, ‘ఊరు=బంగారుపాళెం’ అన్నట్టు. అందులో అంకె అనేది లేదు, తేదీ అనేది లేదు, అవును–కాదు అనేది లేదు, ఉన్నవన్నీ అక్షరాలే. సర్వరు వైపు రిక్వెస్టును అందుకునే జావా భాగమైన సర్వ్‌లెట్ వాటిని అలాగే స్ట్రింగులుగా అందిస్తుంది. ఆ అక్షరాలు కూడా బ్రౌజరు నుంచి నేరుగా రావు. ‘తిరుపతి’ అనే మాట కంటికి నాలుగు అక్షరాలుగా కనిపించినా, గుడులనూ కొమ్ములనూ విడిగా లెక్కించే యూనికోడ్‌లో అది ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు కనుక మొత్తం ఇరవై ఒక్క బైట్లు. ఫారం పంపేటప్పుడు ప్రతి బైటూ శాతం గుర్తుతో కలిసి మూడు అక్షరాలుగా మారుతుంది కనుక, నాలుగక్షరాల ఊరి పేరు అరవై మూడు అక్షరాల పొడవున ప్రయాణిస్తుంది.

ఎన్‌కోడింగ్ (బైట్లను అక్షరాలుగా చదివే పద్ధతి) ఫలానా అని ఎవరూ చెప్పకపోతే ఐఎస్‌ఓ-8859-1గా చదవాలని సర్వ్‌లెట్ ప్రమాణం చెబుతుంది. ఆ పద్ధతిలో ఒక బైటు ఒక అక్షరం. అప్పుడు తిరుపతి కాస్తా ఇరవై ఒక్క పిచ్చి గీతలై డేటాబేసులో కూర్చుంటుంది. స్ప్రింగ్ అనే జావా వెబ్ ఫ్రేమ్‌వర్కును సిద్ధం చేసి ఇచ్చే స్ప్రింగ్ బూట్ వాడేవారికి ఈ బాధ లేదు, అది మొదటి నుంచే యూటీఎఫ్-8 అని పట్టుబడుతుంది. పాత ప్రాజెక్టుల్లో ఎన్‌కోడింగ్ ఫిల్టరును మిగతా ఫిల్టర్లన్నిటికంటే ముందు పెట్టాలి. విలువలను ఒకసారి చదివేశాక ఎన్‌కోడింగ్ మార్చినా ఫలితం ఉండదు.

పేరు కలిస్తేనే

బైండర్ చేసే మొదటి పని ఫారంలోని పేరుకు సరిపోయే ప్రాపర్టీని క్లాసులో వెతకడం. ప్రాపర్టీ అంటే ఫీల్డు కాదు. ‘సెట్’ (రాయడానికి) లేదా ‘గెట్’ (చదవడానికి) అనే మాటతో మొదలయ్యే మెథడ్ ఉంటే, ఆ మాట తీసేయగా మిగిలినది ప్రాపర్టీ పేరు. ఈ ఆచారం వెబ్ కోసం పుట్టింది కాదు. బటన్లు, స్లైడర్లు వంటి వాటిని తెర మీదికి లాగి అమర్చే పరికరాలు ఏ క్లాసులో ఏం మార్చవచ్చో కనుక్కునేందుకు 1996–97లో జావాబీన్స్ పేరిట ఈ నియమాలు రాశారు. వెబ్ ఫ్రేమ్‌వర్కులు తరువాత వచ్చి, సిద్ధంగా దొరికిన ఆచారాన్ని వాడుకున్నాయి.

పేరు కలవకపోతే ఏమవుతుంది? స్ప్రింగ్‌లో ఏమీ కాదు, ఆ విలువను మౌనంగా వదిలేస్తుంది. ఫారంలో ‘బండినంబరు’, క్లాసులో ‘బండినెంబరు’ అని ఉంటే ఎర్రర్ రాదు, లాగ్‌లో హెచ్చరిక కూడా కనిపించదు. సేవ్ అయిన చీటీలో ఆ గడి ఖాళీగా ఉంటుంది, అంతే. ఫారంలో సంబంధం లేని పేర్లు, బటన్ల పేర్లు, భద్రతా టోకెన్లు కూడా వస్తుంటాయి కనుక వాటన్నిటికీ ఎర్రర్ ఇవ్వడం కుదరదన్నది నిజమే. అయినా కొత్తవారి సాయంత్రాలు ఎక్కువగా ఖర్చయ్యేది ఇక్కడేనని నా అనుభవం.

పేరులో చుక్క ఉంటే అది ఆబ్జెక్టు లోపలి ఆబ్జెక్టుకు దారి. ‘రైతు.ఊరు’ అంటే కాటాచీటీలోని రైతు ఆబ్జెక్టును తీసుకుని, దానిలో ఊరిని రాయమని. చదరపు కుండలీకరణం ఉంటే అది జాబితాలో స్థానం. ఒకే బండిలో తోతాపురి కొంత, నీలం కొంత వస్తే ‘కాయలు[0].బరువు’, ‘కాయలు[1].బరువు’ అని రెండు వరుసలు వెళ్తాయి. జాబితా ఇంకా ఖాళీగా ఉన్నా బైండర్ దాన్ని తానే పెంచుకుంటుంది. గుమాస్తా మూడు వరుసలు చేర్చి నడిమిదాన్ని తీసేస్తే, బ్రౌజరు నుంచి సున్నా, రెండు స్థానాలే వస్తాయి. బైండర్ ఒకటో స్థానంలో ఒక ఖాళీ ఆబ్జెక్టును తానే పెట్టి ఖాళీ పూడుస్తుంది. ఎవరూ తూచని ఆ కాయలు లెక్కలోకి ఎక్కకుండా చూసుకోవలసింది మనమే. ఎవరైనా కావాలని కోటి అనే స్థానాన్ని పంపితే మెమరీ అయిపోకుండా ఉండేందుకు స్ప్రింగ్ ఈ పెంపకానికి 256 అనే హద్దు పెట్టింది.

అక్షరాలు విలువలయ్యే చోట

రెండో పని రకం మార్చడం. ఇబ్బందులన్నీ గుంపుగా ఉండేది ఇక్కడ.

బరువును దశాంశ భిన్నాలను ఖచ్చితంగా ఉంచే బిగ్‌డెసిమల్‌గా పెట్టుకున్నామనుకుందాం. తూకానికీ సొమ్ముకూ, భిన్నాలను సుమారుగా మాత్రమే ఉంచే డబుల్ పనికిరాదు. ‘10.250’ చక్కగా మారుతుంది. ‘10.250 ట’ మారదు. అడ్వాన్సు మొత్తాన్ని గుమాస్తా అలవాటు కొద్దీ ‘1,25,000’ అని కామాలతో కొడితే అదీ మారదు, ఎందుకంటే ప్రత్యేకంగా చెప్పనంతవరకు స్ప్రింగ్ అంకెల మధ్య కామాను అంగీకరించదు. ఆ ప్రాపర్టీ మీద అంకెల రూపాన్ని తెలిపే నంబర్‌ఫార్మాట్ అనొటేషన్ పెడితే అంగీకరిస్తుంది. లక్షల లెక్కలో కామాలు వేసే మన ప్రాంతంలో ఈ ఒక్క అనొటేషన్ లేకపోవడం వల్ల ‘మీ సాఫ్ట్‌వేర్ డబ్బు తీసుకోవడం లేదు’ అనే ఫోను వస్తుంది.

తేదీ సంగతి ఇంకా చిక్కు. ఏ రూపంలో చదవాలో చెప్పకపోతే, స్ప్రింగ్ ఆ రిక్వెస్టు పంపిన బ్రౌజరు ఏ భాష, ఏ ప్రాంతం అని చెప్పుకుంటుందో చూసి, ఆ ప్రాంతపు పొట్టి తేదీ రూపాన్ని వాడుతుంది. ‘05/06/24’ అని కొడితే, భారతదేశపు ఇంగ్లిషు పెట్టుకున్న బ్రౌజరు నుంచి అది జూన్ 5 అవుతుంది. అమెరికా ఇంగ్లిషుతో వచ్చిన లాప్‌టాప్ నుంచి అదే రాత మే 6 అవుతుంది. రెండూ సరైన తేదీలే కనుక ఎర్రర్ రాదు. నెలలో పదమూడో తేదీ వచ్చేదాకా ఎవరికీ తెలియకపోవచ్చు, ఎందుకంటే అప్పుడే ‘13’ అనే నెల లేదని ప్రోగ్రాము మొరాయిస్తుంది. దీనికి విరుగుడు రెండు వైపులా చేయాలి. ఫారంలో తేదీ రకపు ఇన్‌పుట్ వాడితే, తెర మీద ఎలా కనిపించినా బ్రౌజరు ఎప్పుడూ సంవత్సరం–నెల–రోజు వరుసలోనే పంపుతుంది. క్లాసులో ఆ ప్రాపర్టీ మీద అదే ఐఎస్‌ఓ రూపాన్ని డేట్‌టైమ్‌ఫార్మాట్ అనొటేషన్‌తో రాస్తే, చదివే వైపు కూడా ఊహకు తావుండదు.

ఖాళీ గడికి, అసలు రాని గడికి తేడా ఉందని చాలామంది గమనించరు. రాసే చోటు ఉండి ఏమీ రాయకపోతే బ్రౌజరు ఆ పేరుతో ఖాళీ స్ట్రింగును పంపుతుంది. ఫీల్డును డిసేబుల్ చేసి ఉంచితే అసలు పేరే పంపదు. క్లాసులో ‘బస్తాలు’ అనే ప్రాపర్టీ ప్రిమిటివ్ ఇంట్ (ఎప్పుడూ ఏదో ఒక అంకె ఉండే రకం) అయితే, పేరు రాని సందర్భంలో అది సున్నాగా మిగిలిపోతుంది, ఖాళీ స్ట్రింగు వచ్చిన సందర్భంలో మార్పిడి విఫలమవుతుంది. దాన్నే ఇంటిజర్‌గా పెడితే రెండు సందర్భాల్లోనూ నల్ (విలువే లేదనే గుర్తు) ఉంటుంది. ‘ఇంకా చెప్పలేదు’ అనే స్థితి ఫారంలో ఎప్పుడూ ఉంటుంది కనుక, ఫారం క్లాసుల్లో ప్రిమిటివ్‌లు వాడకపోవడమే మేలని నేను నమ్ముతాను. స్ట్రింగు ప్రాపర్టీల విషయంలో ఖాళీ స్ట్రింగు అలాగే వచ్చి కూర్చుంటుంది. నల్ కాకూడదని రాసిన తనిఖీని అది హాయిగా దాటిపోతుంది.

చెక్‌బాక్సు ఈ తేడాను ముల్లులా గుచ్చుతుంది. టిక్కు పెట్టని చెక్‌బాక్సును బ్రౌజరు పంపనే పంపదు. పాత చీటీని డేటాబేసు నుంచి తెచ్చి, ‘అడ్వాన్సు ముట్టింది’ అనే టిక్కును తీసేసి గుమాస్తా సేవ్ నొక్కాడనుకోండి. సర్వరుకు వచ్చిన జంటల్లో అడ్వాన్సు ప్రస్తావనే లేదు. బైండర్ దృష్టిలో కబురు రాలేదంటే మార్పు లేదని. పాత ‘అవును’ చెక్కుచెదరకుండా ఉండిపోతుంది. గుమాస్తా తీసిన టిక్కు పేజీ మళ్లీ తెరవగానే ప్రత్యక్షం. ఇందుకే స్ప్రింగ్ ఫారం ట్యాగులు, థైమ్‌లీఫ్ ప్రతి చెక్‌బాక్సు పక్కన అదే పేరుకు ముందు కింది గీత తగిలించిన ఒక దాగిన ఫీల్డును పెడతాయి. ఆ గీత పేరు వచ్చి అసలు పేరు రాకపోతే, పెట్టె తెర మీద ఉంది కానీ టిక్కు లేదని బైండర్ గ్రహించి ‘కాదు’ అని రాస్తుంది. చేత్తో హెచ్‌టీఎంఎల్ రాసేవారు ఈ దాగిన ఫీల్డును మరిచిపోతారు.

తప్పు రాత కూడా దాచుకోవాలి

బరువు గడిలో ‘పది’ అని కొట్టినప్పుడు ఆ మాటను బిగ్‌డెసిమల్ ప్రాపర్టీలో పెట్టలేము. అయినా పేజీ తిరిగి వచ్చినప్పుడు గుమాస్తాకు తాను కొట్టిన ‘పది’ అక్కడే కనిపించాలి, పక్కన తప్పేమిటో కనిపించాలి. ఆబ్జెక్టులో చోటు లేని ఈ రాతను దాచుకునేది బైండింగ్‌రిజల్ట్ అనే మరో ఆబ్జెక్టు. కంట్రోలరు మెథడ్‌లో దాన్ని ఫారం ఆబ్జెక్టుకు వెంటనే పక్కన ఉండే పారామీటరుగానే రాయాలి. ఇద్దరి మధ్య మరొకరు దూరినా, అసలు రాయకపోయినా, ఒక్క అక్షరం తప్పుకు పేజీ మొత్తం 400 ఎర్రర్‌తో కూలుతుంది.

మార్పిడి విఫలమైనప్పుడు స్ప్రింగ్ ఇచ్చే ఎర్రర్ కోడు టైప్‌మిస్‌మ్యాచ్. దానికి మన సందేశాల ఫైలులో మాట రాసిపెట్టకపోతే, జావా క్లాసుల పూర్తి పేర్లతో కూడిన పొడవాటి ఇంగ్లిషు వాక్యం కాటా దగ్గరి తెర మీద పడుతుంది. ‘బరువును అంకెల్లో రాయండి’ అని ఒక్క వరుస చేర్చడానికి రెండు నిమిషాలు చాలు.

తనిఖీ ఈ మార్పిడి అయిన తరువాతి మెట్టు. బరువు సున్నాకంటే ఎక్కువ ఉండాలి, పేరు ఖాళీ కాకూడదు వంటి నియమాలు 2009లో వచ్చిన బీన్ వాలిడేషన్ అనొటేషన్లతో రాస్తాము. మార్పిడే విఫలమైన గడికి స్ప్రింగ్ తనిఖీ సందేశాన్ని మళ్లీ జోడించదు; ‘పది’ అని కొట్టినవాడికి ‘అంకెల్లో రాయండి’, ‘బరువు తప్పనిసరి’ అని రెండు చీవాట్లు పడకుండా చూసే మంచి మర్యాద అది.

తెలుగు పేర్ల తనిఖీలో ఒక ఉచ్చు ఉంది. పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలని యూనికోడ్ ‘అక్షరం’ వర్గంతో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాస్తే ‘కమల’ ఒప్పుకుంటుంది, ‘మునిరత్నం’ ఒప్పుకోదు. కొమ్ములు, గుడులు, సున్న, పొల్లు యూనికోడ్‌లో అక్షరాలు కావు, ‘గుర్తులు’ అనే వేరే వర్గం. ఆ వర్గాన్ని కూడా చేర్చాలి. గరిష్ఠ పొడవు పెట్టేటప్పుడు కూడా ఏడు సంకేతాల తిరుపతిని గుర్తు పెట్టుకోవాలి.

రాయనివ్వకూడనివి

ఇంతవరకు చెప్పినవి పొరపాట్లు. ఇక చెప్పేది దాడి చేసేవారికి తెరుచుకునే దారుల గురించి. బైండర్ ఫారంలో ఏ గడులు కనిపిస్తున్నాయో చూడదు. దానికి ఆ సంగతే తెలియదు. వచ్చిన పేర్లలో క్లాసుకు సరిపోయినవన్నీ రాస్తుంది.

మా మొదటి కాటా ఫారంలో డేటాబేసు పట్టికకు అద్దంలా ఉండే ఎంటిటీ క్లాసునే నేరుగా ఫారానికి కట్టాము. అందులో ‘టన్ను ధర’ అనే ప్రాపర్టీ ఉంది. ధరను నిర్ణయించేది మేనేజరు కనుక, గుమాస్తా పేజీలో ఆ గడే పెట్టలేదు, అంతటితో సరిపోయిందనుకున్నాము. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ఒక కుర్రాడు బ్రౌజరులోని డెవలపర్ పరికరాలు తెరిచి, ఫారంలో ‘టన్నుధర’ పేరుతో ఒక ఇన్‌పుట్‌ను తానే చేర్చి, 90,000 అని రాసి సేవ్ నొక్కాడు. పడింది. అది పరీక్ష సర్వరు కాబట్టి నవ్వుకున్నాము కానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఈ రంధ్రానికి మాస్ అసైన్‌మెంట్ అని పేరు. 2012 మార్చిలో గిట్‌హబ్‌లోనే ఇది బయటపడింది. అది జావా కాదు, రూబీ ఆన్ రైల్స్, కానీ కథ ఒకటే.

దారి మన క్లాసులతో ఆగకపోతే ఇంకా ప్రమాదం. జావాలో ప్రతి ఆబ్జెక్టుకూ తన క్లాసును చెప్పే గెట్‌క్లాస్ మెథడ్ ఉంటుంది కనుక, జావాబీన్స్ నియమం ప్రకారం ‘క్లాస్’ కూడా ఒక ప్రాపర్టీయే. పేర్లలో చుక్కలు పెట్టుకుంటూ పోతే క్లాస్ నుంచి క్లాస్‌లోడరుకు (క్లాసులను మెమరీలోకి తెచ్చే భాగానికి), అక్కడి నుంచి సర్వరు లోపలికి నడిచిపోవచ్చు. స్ప్రింగ్‌లో ఈ దారి 2010లో ఒకసారి బయటపడింది, దాన్ని మూశారు. 2017లో వచ్చిన జావా 9 మాడ్యూల్ అనే కొత్త వస్తువును తెచ్చింది. క్లాస్ నుంచి మాడ్యూల్‌కు, మాడ్యూల్ నుంచి క్లాస్‌లోడరుకు మరో దారి పడింది. వీధి వాకిలికి తాళం వేసిన ఇంటికి, ఎవరో వెనక గోడలో కొత్తగా తలుపు పెట్టినట్టయింది. 2022 మార్చి చివర్లో స్ప్రింగ్4షెల్ పేరుతో ప్రపంచమంతా తెలిసిన లోపం ఇదే. దాడి చేసేవారు ఫారం విలువలతోనే టామ్‌క్యాట్ అనే సర్వరు లాగ్ ఫైలు పేరును, రాతను మార్చి, దాన్ని నడిపించదగిన జేఎస్పీ పేజీగా తయారుచేశారు. 5.3.18, 5.2.20 వెర్షన్లతో స్ప్రింగ్ దాన్ని మూసింది. పాత ఫ్రేమ్‌వర్కు స్ట్రట్స్ 1లోనూ ఇలాంటి క్లాస్‌లోడర్ దారే 2014లో బయటపడింది.

మన వైపు నుంచి మూయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, బైండర్‌కు అనుమతించిన పేర్ల జాబితా ఇవ్వడం. నిషేధించిన పేర్ల జాబితా కూడా ఇవ్వవచ్చు, కానీ రేపు ఎంటిటీకి కొత్త ప్రాపర్టీ చేర్చేవాడికి ఆ జాబితా గుర్తుండదు. రెండోది, నేను గట్టిగా సమర్థించేది, ఫారానికి విడిగా ఒక క్లాసు రాయడం. గుమాస్తా పూరించేవి ఏవో అవే అందులో ఉంటాయి. దాన్నుంచి ఎంటిటీలోకి విలువలను సర్వీసు క్లాసు ఒక్కొక్కటిగా తీసుకుని రాస్తుంది.

ఇది రెట్టింపు పని అని అభ్యంతరం చెబుతారు. నిజానికి ఇది కొత్త ఆలోచనా కాదు. స్ట్రట్స్ 1 కాలంలో యాక్షన్‌ఫారం అనే ప్రత్యేక క్లాసు రాయక తప్పేది కాదు. తప్పు రాతను కూడా దాచుకోవాలి కనుక అందులో అన్నీ స్ట్రింగులుగానే పెట్టి, తరువాత అసలు ఆబ్జెక్టులోకి నకలు చేసేవారు. ఆ చాకిరీకి అందరూ విసిగిపోయి ఉన్న సమయంలో, 2004లో మొదటి వెర్షన్‌గా వచ్చిన స్ప్రింగ్ ఏ క్లాసునైనా నేరుగా ఫారానికి కట్టుకోవచ్చని చెప్పింది. తప్పు రాతను దాచే పని బైండింగ్‌రిజల్ట్‌కు మారింది కనుక స్ట్రింగుల క్లాసు అవసరం తీరింది. దానితోపాటే ఆ క్లాసు తెలియకుండా కాస్తున్న కావలి కూడా పోయింది.

ఎంటిటీని నేరుగా కట్టేవారికి మరొక సంగతి చెప్పాలి. స్ప్రింగ్ బూట్‌లో డేటాబేసు సెషన్ మామూలుగా రిక్వెస్టు మొదలు నుంచి చివరి దాకా తెరిచే ఉంటుంది. డేటాబేసు నుంచి తెచ్చిన ఎంటిటీ మీద బైండింగ్ జరిగి, తనిఖీ విఫలమై, మనం సేవ్ పిలవకుండానే పేజీ తిప్పి పంపామనుకోండి. ఆ మధ్యలో మరేదో పనికి, ఉదాహరణకు ఎవరు ఏ పేజీ చూశారో రాసుకోవడానికి, ఒక ట్రాన్సాక్షన్ జరిగితే, ఎంటిటీలను డేటాబేసుతో కలిపే లైబ్రరీ హైబర్నేట్, మారిన ఎంటిటీని కూడా గమనించి దానితోపాటే డేటాబేసులో రాసేస్తుంది. తనిఖీ ‘కాదు’ అన్న చీటీ ఎవరూ అడగకుండానే సేవ్ అవుతుంది.

ఇప్పుడు జావా రికార్డులు ఈ పనిని తేలిక చేశాయి. రికార్డుకు సెట్టర్లు ఉండవు; విలువలన్నీ ఆబ్జెక్టును తయారుచేసే కన్‌స్ట్రక్టరు ద్వారానే లోపలికి వెళ్లాలి, కన్‌స్ట్రక్టరు అడగనిది ఎవరు పంపినా చేరే చోటు లేదు. 2023 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ 6.1 నుంచి ఒక రికార్డు లోపల మరో రికార్డు ఉన్నా ఇలా కట్టవచ్చు.

మా కాటాచీటీ ఫారం ప్రస్తుతం రెండు రికార్డులు: ఒకటి చీటీకి, మరొకటి అందులోని ఒక్కో రకం కాయకు. టన్ను ధర రెంటిలోనూ లేదు. అది మేనేజరు పేజీకి చెందిన మూడో రికార్డులో ఉంది. ఆ కుర్రాడు సెలవులు ముగిసి వెళ్లేముందు మళ్లీ డెవలపర్ పరికరాలు తెరిచి 90,000 పంపి చూశాడు. చీటీ సేవ్ అయింది, ధర గడిలో ఆ రోజు మేనేజరు రాసిన ధరే ఉంది.